దూలం మీద కేక

పొద్దున్నే ఏడింటికి నిచ్చెనక్క ఊరి కచేరీ హాలు పక్క తలుపు తాళం తీసి, చెప్పులు విడిచి, గోడకి బిగించిన ఇనప మెట్ల మీదుగా పైకప్పు కిందున్న దూలాల దాకా ఎక్కుతుంది. మొత్తం అరవై రెండు మెట్లు. నడుముకి పనిముట్ల సంచీ, భుజం మీద తుడిచే గుడ్డ, చేతిలో మెత్తటి చీపురు. ఆవిడ ఆ హాలుకి ఎలక్ట్రీషియను. మనిషే పొడుగు, పైగా ఎప్పుడు చూసినా ఏదో ఒక ఎత్తు మీద ఉంటుంది కనక ఊరంతా నిచ్చెనక్క అనే అంటారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అని పిలిచేసరికి మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు యాభై రెండేళ్ళొచ్చాయి, మండడం మానేసింది.

పైకి వెళ్ళాక ముందు మాడిపోయిన బల్బులు మారుస్తుంది. తర్వాత ఎలకలు వైర్లేమైనా కొరికాయేమో చూస్తుంది. ఆ తర్వాత మూడో దూలానికీ నాలుగో దూలానికీ మధ్య ఉన్న కేక చుట్టూ దుమ్ము దులుపుతుంది. చీపురు దానికి తగలకూడదు. తగిలితే దానికి గిలిగింతలు పుట్టి, కింద వరసల్లో కుర్చీలన్నీ గడగడలాడతాయి. దులపడం అయ్యాక ఇనప నడకదారి మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, కేక ఏ శ్రుతిలో ఉందో అదే శ్రుతిలో, పెదాలు మూసుకుని, పావుగంట సేపు దానికి తోడు పలుకుతుంది. అప్పుడది నెమ్మదించి, సన్నబడి, కప్పుకి ఆనుకుని పడుకుంటుంది. ఆవిడ కిందికి దిగి టీ తాగుతుంది.

ఆ కేక ఉరుముది. ఉరుము అంటే మబ్బుల్లో ఉరుము కాదు, ఆ పేరుతో తిరిగే గాయకుడు. అసలు పేరేదో ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయన కూడా రెండోసారికి గానీ పలకడట. ముప్పై నాలుగేళ్ళ కిందట, ఆయన జుట్టు నడుం దాకా ఉండి, రాక్ పాటంటే ఇంట్లో పెద్దవాళ్ళు తలుపులు వేసేసుకునే రోజుల్లో, ఈ హాల్లో పాడాడు. 'అవతలి ఒడ్డు' అని ఒక పాట. ఏటికి ఇవతల నిలబడ్డ మనిషి అవతలున్న పడవని పిలుస్తాడు. ఆ పిలుపు దగ్గర ఉరుము తల వెనక్కి వంచి ఒక కేక పెట్టాడు. అది పైకి వెళ్ళింది. దిగి రాలేదు. పాట అయిపోయింది, జనం ఇళ్ళకి వెళ్ళిపోయారు, ఉరుము బస్సెక్కి ఇంకో ఊరు వెళ్ళిపోయాడు, కేక మాత్రం అక్కడే ఉండిపోయింది. మర్నాడు అప్పటి మేనేజరు 'ప్రేక్షకులు మర్చిపోయిన వస్తువులు' అనే పుస్తకంలో గొడుగు, ఎడమకాలి బూటు, వాటి కింద 'కేక, ఒకటి' అని రాసి, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని మూడు నెలలు చూశాడు. బూటు కోసం వచ్చారు. కేక కోసం ఎవరూ రాలేదు.

కనిపిస్తుందా అంటే కనిపిస్తుంది. ఎండలో తారురోడ్డు మీద గాలి అల్లాడుతుందే, అలా, ఒక తలగడంత మేర. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. వానలు పడితే శ్రుతి కాస్త దిగుతుంది. బస్టాపు దాకా వినిపిస్తుంది గానీ ఊరివాళ్ళకి వినిపించదు, అలవాటైపోయింది. ఎటొచ్చీ అక్కడ పుట్టి పెరిగినవాళ్ళంతా ఆ శ్రుతిలోనే మాట్లాడతారు. కూరగాయల దగ్గర బేరమాడినా, మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకున్నా, పక్కింటివాళ్ళకి అదేదో బృందగానంలాగే ఉంటుంది. బదిలీ మీద వచ్చినవాళ్ళకి ఆర్నెల్లలో గొంతు అటు తిరిగిపోతుంది.

ఆ కేకని చూసుకోవడం నిచ్చెనక్కకి ఉద్యోగంలో భాగమని ఎవరూ చెప్పలేదు. పద్ధెనిమిదేళ్ళ వయసులో పనిలో చేరిన వారానికే ఉరుము వచ్చి పాడాడు. ఆవిడ ఆ సాయంత్రమంతా గోడ వెనక ఫ్యూజుల గదిలో కూర్చుని ఉంది. అందరూ చూశారు, ఆవిడ చూడలేదు. మర్నాడు బల్బు మార్చడానికి పైకెళితే కేక ఒంటరిగా వణుకుతూ కనిపించింది. పాపం అనిపించి తోడు పలికింది. అంతే, ఇరుక్కుంది.

తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి జ్వరంతో పధ్నాలుగు రోజులు మంచం దిగలేదు. కేక బెంగపెట్టుకుని తలల ఎత్తు దాకా దిగింది. ఆ రోజు హాల్లో ఉపాధ్యాయుల సంఘం సమావేశం. కార్యదర్శి నివేదిక చదువుతుండగా నలభై మూడు కళ్ళజోళ్ళు ఒక్కసారి పగిలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ నివేదిక ఈనాటికీ పూర్తవలేదు. దాంతో హాలు కమిటీవాళ్ళు నిచ్చెనక్క ఒక్క రోజు కూడా ఊరు దాటకూడదని తీర్మానం చేశారు. ఆవిడ సంతకం పెట్టింది. కాస్త హుషారుగానే పెట్టిందని కొందరంటారు. నేనూ అదే అంటాను.

ఎందుకంటే, శ్రుతిమేస్త్రి సంగతి ఒకటుంది.

హాలు వెనక సందులో పియానోలు బాగుచేసే దుకాణం ఆయనది. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. మాట మెత్తన, నడక మెల్లన. ఏడాదికోసారి హాల్లోని పియానో శ్రుతి చేయడానికి వస్తాడు. పని అయ్యాక మూత వేసి, చేతులు తుడుచుకుని, పైకి చూసి, "నిచ్చెనక్కగారూ, మనిద్దరం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందంటారు? ఎక్కడికైనా వెళ్ళి బతుకుదాం," అంటాడు. ఆవిడ పైనుంచి, "బాగానే ఉంటుంది గానీ కేకనెవరు చూస్తారండీ?" అంటుంది. "అదీ నిజమే," అని ఆయన వెళ్ళిపోతాడు. ఇలా పదకొండేళ్ళు. మొదటిసారి అడిగినప్పుడు ఆయన కళ్ళజోడు లేకుండా పేపరు చదివేవాడు.

కేకని చూసుకోవడానికి ఇంకొకరిని తయారుచేయొచ్చుగా అంటే, ఇద్దరిని పట్టుకొచ్చింది. ఒకాయన పన్నెండో మెట్టు మీద కళ్ళు తిరిగి దిగిపోయాడు. రెండో ఆవిడ బాగానే ఎక్కింది గానీ, "ఇదసలు పలకడమే కాదు, ఇలా కాదు, అలా కాదు," అని నిచ్చెనక్కే నస పెట్టి పంపించేసింది.

ఈ ఏడాది శ్రుతిమేస్త్రి సోమవారం వచ్చాడు. శనివారం ఉరుము మళ్ళీ అదే హాల్లో పాడబోతున్నాడు, పియానో సిద్ధంగా ఉండాలి. డెబ్బై మూడేళ్ళ ఉరుముకి ఇదే ఆఖరి కచేరీల యాత్ర అని గోడల నిండా పోస్టర్లు. కచేరీ సాయంత్రం నాలుగింటికే. ఎనిమిదికల్లా పడుకోవాలని డాక్టరు చెప్పాడట.

శ్రుతిమేస్త్రి పని ముగించి మూత వేశాడు. చేతులు తుడుచుకున్నాడు. నిచ్చెనక్క దూలం మీద నుంచి వంగి, చెప్పాల్సిన జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకుంది.

"ఆదివారం పొద్దున దుకాణం ఖాళీ చేస్తున్నానండీ," అన్నాడాయన.

"అదేంటి?"

"సముద్రం పక్కన సంగీతం బడి ఒకటుంది. వర్క్‌షాపూ ఇల్లూ ఇస్తామన్నారు. పిల్లలకి పని నేర్పాలి."

"ఇక్కడేం తక్కువైందీ?"

"నిశ్శబ్దం తక్కువైందండీ. నేను శ్రుతి చేసిన పియానోలన్నీ మీ కేక శ్రుతిలో పలుకుతున్నాయట. బయట ఊళ్ళవాళ్ళు తిప్పి పంపిస్తున్నారు. చెవులు పనిచేస్తుండగానే వెళ్ళాలి కదా."

ఆవిడ ఎదురుచూసింది. ఆయన రెంచీలు ఒక్కొక్కటీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు.

"ఇంకేమైనా అడుగుతారేమో అనుకున్నా," అంది చివరికి.

ఆయన పైకి చూశాడు. "పదకొండుసార్లు అడిగాను. పన్నెండోసారి అడిగితే మీకు విసుగు, నాకు సిగ్గు. రావాలనిపిస్తే ఈసారి మీరే చెప్పండి. ఆదివారం ఎనిమిదింటికి వ్యాను."

ఆయన వెళ్ళాక నిచ్చెనక్క ఆ రోజు బాగానే ఉన్న బల్బులు కూడా నాలుగు మార్చేసింది.

ఆవిడ ఉండేది అన్నయ్యా వదినల ఇంట్లో, పై గదిలో. వదిన సామాన్యురాలు కాదు. ముప్పై నాలుగేళ్ళ కిందట ఆ కచేరీలో కంచె దూకి స్టేజీ దాకా పరిగెత్తిన నలుగురు ఆడపిల్లల్లో వదిన ఒకతె. ఇప్పుడు రెండు మోకాళ్ళకీ పట్టీలు. "మీ అన్నయ్యని పెళ్ళాడిందే ఉరుము జుట్టులాంటి జుట్టుందని," అంటుంది వదిన, అన్నయ్య వింటుండగా. "ఇప్పుడిద్దరికీ లేదనుకో."

"శనివారం ఆయన వచ్చి తన కేక తను పట్టుకెళ్ళిపోతే నీ పని హాయి," అంది వదిన బట్టలు మడతపెడుతూ.

"ఊఁ," అంది నిచ్చెనక్క.

"పట్టుకెళితే నీకు ఇక్కడ పనేముంటుంది? ఆదివారం శ్రుతిమేస్త్రితో వెళ్ళొచ్చుగా?"

"చూద్దాంలే వదినా."

"నువ్వు పదకొండేళ్ళుగా చూస్తూనే ఉన్నావు తల్లీ. పైనుంచి."

నిచ్చెనక్కకి కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, ఉరుము కేకని తీసుకెళ్ళిపోతే బావుండునని ఆ వారమంతా ఒక పూట అనుకుంది, తీసుకెళ్ళకపోతే బావుండునని ఇంకో పూట అనుకుంది. శ్రుతిమేస్త్రి అంటే ఇష్టం లేక కాదు. ఆయన పియానో ముందు కూర్చుని ఒక్కో మీటా నొక్కుతూ తల పక్కకి వంచి వింటుంటే, ఆవిడ పైన బల్బు చేతిలో పట్టుకుని పని మర్చిపోయిన రోజులున్నాయి. కానీ దూలం మీద ఆవిడకన్నీ తెలుసు, ఏ నట్టు ఎంత బిగించాలో తెలుసు. కింద, ఒక మనిషి పక్కన, కొత్త ఊళ్ళో ఎలా ఉండాలో తెలియదు. భయం వేసింది. యాభై రెండేళ్ళ మనిషికి భయమేంటని అడక్కండి, వేస్తుంది.

శుక్రవారం పొద్దున ఉరుము బృందం సామాను దిగింది. వాళ్ళతో వచ్చిన సౌండు ఇంజనీరు పెట్టెలన్నీ కలిపి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ముఖం చిట్లించాడు.

"ఎక్కడో గుయ్యిమంటోంది," అన్నాడు.

మైకులు తీసేశాడు. గుయ్యిమంటూనే ఉంది. స్పీకర్లు పీకేశాడు. వైర్లన్నీ మార్చాడు. వరండాలో టీ కాచే హీటరు ఆపించాడు, ఆఫీసులో ఫ్యాను ఆపించాడు, హాలు మేనేజరు చేతి గడియారం కూడా విప్పించి బయట పెట్టించాడు. హాలు సిబ్బంది ఎనిమిదిమందీ వరసగా నిలబడి, ఇంత పద్ధతిగా పనిచేసే మనిషిని ఎప్పుడూ చూడలేదని మెచ్చుకుంటూ, ఆయన ఏది పట్టుకోమంటే అది పట్టుకున్నారు. నాలుగు గంటల తర్వాత ఆయన మెయిన్ స్విచ్చి ఆపేసి, చీకట్లో నేల మీద చతికిలబడ్డాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

"కరెంటే లేదు. ఇంకా మోగుతోంది. మీకెవరికీ వినిపించట్లేదా?"

"దేని గురించండీ?" అంది నిచ్చెనక్క పైనుంచి.

"ఈ శబ్దం!"

సిబ్బంది ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. మేనేజరుకి ముందు వెలిగింది. "ఓ, కేకా?" అన్నాడు.

"ఏ కేక?"

"మీ సారుదేనండీ. మూడో దూలం దగ్గరుంది. కిందటిసారి వచ్చినప్పుడు వదిలేసి వెళ్ళారు."

ఇంజనీరు లేచి, మెడ వెనక్కి వంచి, దూలాల వంక కాసేపు చూశాడు. తర్వాత పుస్తకం తీసి ఏదో రాసుకుంటూ, "ఈ ముక్క పొద్దున్నే చెబితే అక్కడొక మైకు పెట్టేవాణ్ణిగా," అని విసుక్కున్నాడు.

"మాకు గుర్తుకే రాలేదండీ," అన్నాడు మేనేజరు. అందులో అబద్ధమేమీ లేదు.

శనివారం మధ్యాహ్నం ఉరుము వచ్చాడు. స్టేజీ మీద బిగుతు ప్యాంటులో ఉంటాడు గానీ అప్పుడు మాత్రం వదులు పైజమాలో, మెడకి మఫ్లరుతో, చంకలో వేన్నీళ్ళ ఫ్లాస్కుతో ఉన్నాడు. ఎవరినీ దేనికీ పిలవకుండా నేరుగా హాలు మధ్యకి నడిచి, కుర్చీల మధ్య దారిలో వెల్లకిలా పడుకున్నాడు. మెడ వెనక్కి వంగదట, అందుకని. పడుకుని పైకి చూశాడు. పైన నిచ్చెనక్క దీపాలు సరిచేస్తోంది.

"అమ్మాయ్," అన్నాడు. "ఇన్నాళ్ళూ చూసుకున్నది నువ్వేనా?"

అమ్మాయ్ అని ఆవిణ్ణెవరూ పిలవక పాతికేళ్ళయింది. ముఖం విప్పారింది. "నేనేనండీ."

"ఏం తింటుంది?"

"ఏమీ తినదండీ. పొద్దున్నే కాస్త తోడు పలికితే చాలు."

"నామీద కోపంగా ఉందా?"

నిచ్చెనక్క ఆలోచించింది. "కోపమని కాదు గానీ, మీ పాట రేడియోలో వస్తే అటు తిరిగి పడుకుంటుందండీ."

ఉరుము నవ్వబోయి దగ్గాడు. ఫ్లాస్కు మూత తీసి, పడుకునే ఒక గుక్క తాగబోయి, మఫ్లరు తడుపుకున్నాడు.

"తీసుకెళతారా?" అని అడిగింది నిచ్చెనక్క.

"ఎక్కడ పెట్టుకోను? అది ముప్పై తొమ్మిదేళ్ళ ఛాతీలోంచి వచ్చింది. ఇప్పుడు మెట్లెక్కితేనే నాకు ఆయాసం. అదొచ్చినా నాలో పట్టదమ్మా. అసలు రాదు. నన్ను గుర్తుపట్టాలిగా."

"మరి ఆ పాట?"

"అదే వచ్చిన చిక్కు. ఈ పదేళ్ళుగా ఆ చోటుకొచ్చేసరికి మైకు జనం వైపు తిప్పేస్తున్నా. వాళ్ళే కేక పెడుతున్నారు. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నట్టు నిలబడతాను. గొప్పగా ఉంటుందనుకుంటారు. నిజానికి ఊపిరి పీల్చుకుంటుంటాను." ఆయన తడిసిన మఫ్లరు పిండుకున్నాడు. "ఈ ఊరివాళ్ళు పెడతారా?"

నిచ్చెనక్క వంగి లైటు మర బిగించడం మొదలుపెట్టింది. పెట్టరు. ఆ పాట ఎక్కడ మోగినా ఈ ఊరివాళ్ళు ఆ ఒక్క చోట నోరు మూసుకుంటారు. అది కేకది, దాని చోటు దానికి వదిలేయాలని చిన్నప్పట్నుంచీ అలవాటు.

"పెట్టరన్నమాట," అన్నాడు ఉరుము. "సరేలే. ఏదో దగ్గేస్తాను." ఇద్దరు సాయం పడితే లేచి, మోకాళ్ళు దులుపుకుని, బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాడు.

మూడున్నరకే హాలు నిండిపోయింది. పన్నెండు వందల కుర్చీలు. ముప్పై నాలుగేళ్ళ కిందటి నల్ల బనియన్లు పెట్టెల్లోంచి తీసి తొడుక్కొచ్చారు, పొట్ట దగ్గర ఉరుము బొమ్మ ముఖం వెడల్పయింది. మోకాలి పట్టీలతో వదిన మొదటి వరసలో కూర్చుంది. కంచె ఎంత ఎత్తుందో ఓసారి లేచి చూసి, అన్నయ్య భుజం పట్టుకుని కూర్చుంది. శ్రుతిమేస్త్రి స్టేజీ పక్కన, పియానోకి దగ్గరగా, పెన్సిలు చెవి మీద పెట్టుకుని నిలబడ్డాడు. నిచ్చెనక్క దూలం మీద పెద్ద లైటు వెనక కూర్చుంది. గాయకుడు ఎటు నడిస్తే అటు లైటు తిప్పడం ఆవిడ పని. అంటే ఈసారి ఉరుముని అందరికంటే బాగా ఆవిడే చూస్తుంది. అది తలుచుకుని నవ్వుకుంది.

ఉరుము వచ్చాడు. ఎర్ర చొక్కా, బిగుతు ప్యాంటు. మొదటి పాట ఎత్తుకోగానే హాలు హాలంతా బిక్కచచ్చిపోయింది. గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు మూసుకుంది. ఆయన పట్టించుకోలేదు. రెండో పాటకి తుప్పు రాలింది. మూడో పాటకి ఆ గొంతులో కొత్తదేదో వినిపించింది, ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు లేనిది. అప్పుడు ఆయన ఏది పాడినా అరుస్తున్నట్టుండేది. ఇప్పుడు మనకే చెబుతున్నట్టుంది. నాలుగో పాటకి జనం లేచి నిలబడ్డారు. ఎగరలేనివాళ్ళు మడమలెత్తారు. గిటారు వాయించే ముసలాయన తన చెవి మిషను తీసి జేబులో వేసుకుని మరీ రెచ్చిపోయాడు. ఉరుము తన పాత అలవాటు ప్రకారం మోకాళ్ళ మీద జారుతూ స్టేజీ చివరికి వచ్చి వెల్లకిలా పడిపోయాడు. లేవలేకపోయాడు. ఇద్దరు వచ్చి లేపారు. మొత్తం కచేరీలో అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు దానికే పడ్డాయి.

"పడ్డానని కొడుతున్నారా, లేచానని కొడుతున్నారా?" అన్నాడు మైకులో.

"లేచారని!" అని అరిచింది వదిన.

అప్పుడు 'అవతలి ఒడ్డు' మొదలైంది. పియానో ఒక్కటే ముందు. హాలు కూర్చుంది. ఏరూ, పొద్దూ, ఒడ్డున నిలబడ్డ మనిషీ అన్నీ వచ్చాయి. ఉరుము మెల్లగా పాడుకుంటూ స్టేజీ మధ్యకి వచ్చాడు. పిలుపు చోటుకి రాగానే వాద్యాలన్నీ ఆగిపోయాయి. ఉరుము మైకు జనం వైపు తిప్పలేదు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, వంగని మెడని వంగినంత మేర వెనక్కి వంచి, పిలిచాడు.

చిన్న కేక అది. పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు ఉంది. మధ్యలో చీలింది కూడా. పన్నెండు వందలమంది వాళ్ళ అలవాటు చొప్పున నోరు మూసుకుని, చోటు వదిలారు. ఉరుము లైటు మధ్యలో ఒక్కడే నిలబడ్డాడు. ఛాతీ ఎగసిపడుతోంది.

దూలం మీద కేక లేచింది. నిచ్చెనక్క మోచేతి పక్కనే, అంచు దాకా జరిగింది, కిందికి వంగింది, వెనక్కి వచ్చి ఆవిడ చేతిని ఆనుకుంది. మళ్ళీ అంచు దాకా వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఆయన్ని గుర్తుపట్టిందని నిచ్చెనక్కకి తెలిసిపోయింది. ఎందుకు వెళ్ళట్లేదో కూడా తెలిసిపోయింది. ముప్పై నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే వచ్చి పక్కన కూర్చున్న మనిషిని వదిలి ఎలా వెళుతుంది?

ఒక్క పలుకు చాలు, ఉండిపోతుంది. పెదాలు మూసుకుని కాస్త తోడు పలికితే చాలు, కప్పుకి ఆనుకుని పడుకుంటుంది. రేపు ఎనిమిదింటికి వ్యాను వెళ్ళిపోతుంది, ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనరు, కమిటీ తీర్మానం ఉండనే ఉంది. ఏడింటికి మెట్లెక్కి, టీ తాగి, బల్బులు మార్చుకుంటూ బతికేయొచ్చు. నిచ్చెనక్క పెదాలు మూసుకున్నాయి కూడా.

కింద ఉరుము చేతులు ఇంకా నోటి దగ్గరే ఉన్నాయి. పియానో పక్కన శ్రుతిమేస్త్రి మాత్రం ఉరుము వైపు చూడటం లేదు. తల పక్కకి వంచి, పైకి, ఆవిడ వైపు చూస్తున్నాడు.

నిచ్చెనక్క లైటు కడ్డీ ఎడమచేత్తో పట్టుకుంది. కుడి అరచెయ్యి కేక వీపు మీద ఆనించింది. వెచ్చగా, వణుకుతూ ఉంది.

"వెళ్ళు," అంది. "నిన్నే పిలుస్తున్నారు."

అది కదల్లేదు. అప్పుడావిడ దాన్ని తోసేసింది.

కేక దిగడం మొదలవగానే జనమంతా చకచకా కళ్ళజోళ్ళు తీసి జేబుల్లో పెట్టుకున్నారు. తలల మీదుగా అది వెళుతుంటే జుట్టున్నవాళ్ళకి జుట్టు లేచింది. స్టేజీ దాకా వెళ్ళి ఉరుము ముఖం ముందు ఆగింది. ఆయన దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్నట్టు నోరంతా తెరిచాడు.

అప్పుడు వినిపించిందది. ఊరు ముప్పై నాలుగేళ్ళుగా వింటూ కూడా వినని కేక, మొదట్నుంచీ చివరి దాకా, ఒక మనిషి ఛాతీలోంచి వచ్చినట్టు వచ్చింది. బస్టాపులో నిలబడ్డవాళ్ళు బస్సు వదిలేసుకున్నారు. సౌండు ఇంజనీరు తన పెట్టెల మీద చేతులు తీసేసి ఊరికే నిలబడ్డాడు. వదిన ఏడుస్తూ నవ్వుతూ అన్నయ్య చొక్కా గుండీ తెంపేసింది. కేక అవతలి ఒడ్డుకి చేరినట్టుగా సాగి, సన్నబడి, ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్ళ కిందట మొదలైనది అప్పటికి పూర్తయింది.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ ఊరివాళ్ళు అలాంటిది ఎప్పుడూ ఎరగరు. గోడ గడియారం టిక్కుమనడం వినిపించింది, ఎవరిదో కడుపు గుర్రుమనడం వినిపించింది. డ్రమ్ములాయన మొదలుపెట్టడం మర్చిపోయాడు. ఉరుమే వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే పాటలో పడవ వచ్చింది, మనిషి ఎక్కాడు, చప్పట్లు ఎప్పటికి ఆగాయో ఎవరూ చూసుకోలేదు.

జనం వెళ్ళాక కూడా నిచ్చెనక్క లైటు ఆపి చాలాసేపు పైనే కూర్చుంది. పక్కన చోటు చల్లగా ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. కింద వరండాలో జనం మాటలు వినిపిస్తున్నాయి. ఒక్కొక్కళ్ళది ఒక్కో గొంతు. వదినది ఇంత బొంగురని ఎవరికి తెలుసు? మేనేజరు గొంతు పీలగా, పిట్ట కూసినట్టుంది. అన్నయ్య ఏదో అంటే వదిన గిరుక్కున తిరిగి, ఎవరో పరాయివాడనుకుని కొట్టబోయింది. ఊరంతా ఆ సాయంత్రం ఒకళ్ళనొకళ్ళు కొత్తగా పలకరించుకుంటూ ఇళ్ళకి పోయారు.

నిచ్చెనక్క ముఖం తుడుచుకుని అరవై రెండు మెట్లూ దిగింది. స్టేజీ మీద శ్రుతిమేస్త్రి ఒక్కడే పియానో ముందు కూర్చుని, ఒక మీట నొక్కి, తల పక్కకి వంచి విని, తనలో తను నవ్వుకుంటున్నాడు.

ఆవిడ స్టేజీ కింద నిలబడింది. కాళ్ళు నేల మీదున్నాయి గానీ పైనున్నప్పటికంటే ఎక్కువ కళ్ళు తిరుగుతున్నాయి.

"రేపు నేనూ వస్తాను," అంది.

ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది. మెల్లగా తిరిగి చూశాడు. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది, ఇన్నాళ్ళూ పలికినదానికి బాగా కిందుగా, కాస్త గరగరగా, నిండుగా ఉంది. ఆయన పదకొండేళ్ళుగా విన్నది కేక శ్రుతికి సర్దుకున్న గొంతుని. దీన్ని కాదు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

"రేపు నేనూ వస్తానన్నా."

ఆయన కళ్ళజోడు తీసి పియానో మీద పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. "మళ్ళీ."

"నేనూ వస్తాను."

"మళ్ళీ చెప్పు."

"నేనూ వస్తాను, నేనూ వస్తాను," అంది నిచ్చెనక్క. ఆవిడకీ నవ్వాగలేదు.

తలుపు దగ్గర మేనేజరు తన కొత్త పీలగొంతుతో కేకేశాడు. "ఆయన విన్నాడక్కా, మేమూ విన్నాం! తాళాలేసుకోవాలి, ఆ మిగతావి బయటికెళ్ళి చెప్పుకోండి!"

ఇద్దరూ బయటికి నడిచారు. బస్టాపు దాకా ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు.